నాలుగు నిమిషాల అంతరాయం

ఆయన పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. ఆయన పుస్తకం మొత్తం నా లాప్‌టాప్‌లో ఒకే ఒక్క ఫైలుగా ఉంది. దానికి ఇంకో కాపీ చేశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. సింగపూరులో, మా బుకిట్ పంజాంగ్ స్టేషన్లో రైలు దిగిన జనమంతా ఎస్కలేటర్ వైపు పోతుంటే, నేను గోడవారగా నేలమీద చతికిలబడి లాప్‌టాప్ తెరిచాను. ఫైలు ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది. మనిషి పోతే ముందు ఫైలు వెతుక్కున్నానని ఆయనైతే తప్పు పట్టేవారు కాదు. "ముందు కాపీ చేసుకోవయ్యా, ఏడవడానికి బోలెడు టైముంది" అనేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రిపోర్టరు పేరు ఎక్కడా కనపడకూడదన్నది ఆయన పట్టుదల. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ హైదరాబాదులో, శాసనసభలో షార్ట్‌హాండ్ రిపోర్టరుగా పనిచేశారు. సభలో ఎవరు ఏం మాట్లాడినా గీతల్లో పట్టుకుని, గదిలోకి వెళ్ళి మామూలు తెలుగులో రాసి ఇవ్వడం ఆయన పని. భార్య పోయాక సింగపూరులో కూతురి దగ్గరికి వచ్చేశారు. వాళ్ళది మా పక్క బ్లాకే.

మొదటిసారి ఆయన్ని మా మాల్‌లో ఉన్న లైబ్రరీలో చూశాను. ఇక్కడ కుర్చీ చోప్ చేసుకోవాలంటే, అంటే తమకని ఆపుకోవాలంటే, అందరూ టిష్యూ పాకెట్టు పెట్టి పోతారు. ఆయన చెక్కిన పెన్సిలు పెట్టి వెళ్ళారు. ఎవరో మర్చిపోయారనుకుని పెన్సిలు పక్కన పెట్టి నేను కూర్చున్నాను. కాసేపటికి వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూస్తే, తెల్ల చొక్కా జేబులో ఇంకో రెండు పెన్సిళ్ళతో ఒక పెద్దాయన. లేవమని అడగలేదు.

"బాబూ, తెలుగువారా?" అన్నారు.

"అవునండీ. ఎలా తెలిసింది?"

"ఇందాక మీరు మెట్ల దగ్గర ఫోన్లో మాట్లాడారు. 'సరే తెస్తా, పాలు తెస్తా, పెరుగు మొన్నటిది ఉందిగా, మళ్ళీ ఎందుకే, సరే తెస్తాలే' అన్నారు."

ఒక్క మాట పొల్లుపోలేదు. నా భార్యతో నేను మాట్లాడిన తీరు పరాయి మనిషి నోట వినేసరికి సిగ్గేసింది. లేచి కుర్చీ ఇచ్చాను. ఆయన కూర్చోకుండా తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈ పేజీలో ఈ నాలుగు లైన్లు చదివి పెడతారా? అక్షరాలు చిన్నవి" అన్నారు. అది అమెరికా ప్రతినిధుల సభ తొలి ఏళ్ళలో జరిగిన చర్చల రికార్డు. ఎవరో ఒక సభ్యుడు ఏదో బిల్లు మీద గంటసేపు మాట్లాడిన సంగతంతా ఉంది. దాని కింద ఒకే వాక్యం: మరొక సభ్యుడు కూడా ఈ విషయంపై మాట్లాడారు.

"అంతేనా? కింద ఇంకేం లేదా?" అన్నారు.

"లేదండీ."

"ఇంకోసారి చూడండి."

అంతకుముందు ఆ పేజీని ఎంతమంది చేత చదివించారో నాకు తర్వాత తెలిసింది. లైబ్రరీ సిబ్బందిని, కూతుర్ని, మనవరాలిని, కంటి డాక్టరు దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న చైనీస్ ఆంటీని కూడా వదల్లేదు. ఒక్కరికైనా ఇంకో వాక్యం కనపడుతుందేమోనని ఆయన ఆశ.

ఆ 'మరొక సభ్యుడి' మీదే ఆయన పుస్తకం. ఆ సభ్యుడి పేరు చెప్పినా మీకు తెలియదు. వెతికితే పుట్టిన ఊరు, పోయిన ఊరు, రెండుసార్లు గెలిచాడు, మూడోసారి ఓడాడు అని తప్ప దొరకదు. కొండల్లో ఒక మూల నుంచి గుర్రం మీద రోజుల తరబడి ప్రయాణం చేసి రాజధానికి వచ్చేవాడు. ఒక లాడ్జింగ్ ఇంట్లో ఇంకో ముగ్గురితో గది పంచుకునేవాడు. తన వాళ్ళకి అచ్చువేసిన ఉత్తరాలు పంపేవాడు. వాటిలో రెండు ఎక్కడో మిగిలాయి. మా కొండలకి టపా బండి నడిచే రోడ్డు కావాలని సభలో నిలబడి అడిగాను, అందరూ విన్నారు అని ఒక ఉత్తరంలో ఉంది. అడిగాడు సరే, ఏమని అడిగాడు? అది ఎక్కడా లేదు. నేను అంకుల్ అని పిలిచే ఈయన ఆ సభ్యుణ్ణి 'మన మెంబరు గారు' అనేవారు. మన నియోజకవర్గం మనిషన్నట్టే.

"ఇన్ని దేశాలుండగా అమెరికా ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను. తనకంటే ముందు ఈ పని చేసినవాళ్ళు ఎలా చేశారో చూద్దామని పాత రికార్డులు తిరగేశారట. అక్కడ ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. "ఆ రోజు అక్కడ కూర్చున్న రిపోర్టరు ఎవడో గానీ, వాడికి చెయ్యి నొప్పేసింది. లేకపోతే ఆకలేసింది. అంతకంటే ఏం లేదు" అని చాలా కోపంగా అన్నారు. రెండు వందల ఏళ్ళ కిందటి మనిషి మీద అంత కోపం ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పదకొండు నోటు పుస్తకాల నిండా షార్ట్‌హాండ్‌లోనే రాసుకున్నారు. ఇక్కడే చిక్కొచ్చింది. ఆ రాతలో గీత సన్నగా ఉంటే ఒక అక్షరం, మందంగా ఉంటే ఇంకో అక్షరం. ఆయన కంటిచూపు నడిమధ్యలో మసక మొదలై సన్నమేదో మందమేదో తెలియడం మానేసింది. ఇంట్లో ఎవరికీ ఆ రాత రాదు. నాకు తెలిసి ఈ ఊళ్ళోనే ఎవరికీ రాదు. డాక్టరు, చూపు ఇంక కొన్ని నెలలే అన్నట్టు మాట్లాడాడట. అందుకని శనివారం పొద్దున్నే వాళ్ళ బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆయన భూతద్దం పట్టుకుని, సగం చూసి సగం గుర్తుతెచ్చుకుని చెప్పేవారు, నేను టైపు చేసేవాణ్ణి. పైన ఎల్‌ఆర్‌టీ రైలు బండి పోయినప్పుడల్లా చేయెత్తి ఆపేవారు. చప్పుడులో ఒక్క మాట జారినా మొదటి నుంచి చెప్పేవారు.

అయిదు నిమిషాలకోసారి ఆయన చెయ్యి దానంతటదే ఆగిపోయేది. అసెంబ్లీలో ఒక్కొక్కరి వంతు అంతే. తర్వాతివాడు వచ్చి బల్ల మీద వేలితో తడితే లేచి వెళ్ళాలి. ఇక్కడ తట్టడానికి ఎవరూ లేకపోయినా ఆయన ఆగి, అటూ ఇటూ చూసి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇంకో అలవాటు ఉండేది. మాటల మధ్యలో ఉన్నట్టుండి "నేనేమన్నాను?" అనేవారు. మర్చిపోయి కాదు, నేను విన్నానో లేదో చూడటానికి. తప్పు చెప్తే కోప్పడరు, మొహం చిన్నబుచ్చుకుంటారు. అది ఇంకా కష్టంగా ఉండేది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేస్తాను, తప్పులు పట్టుకోవడమే నా బతుకు. ఆయన ముందు మాత్రం బళ్ళో లెక్క తప్పిన పిల్లాడిలా చెమటలు పట్టేవి.

ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ రెన్యువల్ వస్తుందో రాదో, కన్ను ఉంటుందో పోతుందో, నేను వచ్చే శనివారం వస్తానో రానో, అన్నీ ఆయనకు భయాలే. ఏడింటికి కలుద్దామంటే ఆరింటికే కింద కూర్చునేవారు. ఆ భయం నాకూ అంటుకుంది. శుక్రవారం రాత్రే లాప్‌టాప్ చార్జింగులో పెట్టి రెండుసార్లు లేచి చూసుకునేవాణ్ణి. ఒకరోజు తొమ్మిదేళ్ళ మనవరాలు స్కేటింగు బూట్లు వేసుకుంటూ, "తాతా, హీ డైడ్ సో లాంగ్ అగో లా. వై యూ ఆల్వేస్ రష్?" అంది. "ఆయనకి తొందర లేదమ్మా, నాకుంది" అన్నారు.

చెప్పడం పూర్తయిపోయింది, ఒక్క అధ్యాయం తప్ప. మెంబరు గారి ఉపన్యాసం ఉండాల్సిన చోట ఖాళీ. దొరికే ఆశ లేదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు, కానీ ఒప్పుకోరు. అమెరికాలో ఏవేవో లైబ్రరీలకు నా చేత ఉత్తరాలు రాయించారు. ఒకరిద్దరు మర్యాదగా లేదని జవాబిచ్చారు. ఆయన నిద్రపోవడం లేదని కూతురు చెప్పింది. "ఆ స్పీచేదో దొరికితే బాగుండు అన్నయ్యా. తిండి కూడా సరిగ్గా తినట్లేదు" అని దాదాపు ఏడ్చినంత పనిచేసింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. రెండు ఆదివారాలు కూర్చుని ఆ ఉపన్యాసం నేనే రాశాను. మెంబరు గారి ఉత్తరాల్లో ఉన్న సంగతులే తీసుకున్నాను కాబట్టి అంత పెద్ద అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను. ఆ శనివారం, ఆ కాలపు పత్రిక ఒకదాన్లో దొరికిందంకుల్ అని చెప్పి చదివాను. ఆయన రెండు చేతులూ బల్ల మీద ఆనించి కదలకుండా విన్నారు. అయిపోయాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"పత్రిక పేరు? తేదీ? పేజీ నంబరు?"

"రాసుకున్నానంకుల్. ఇంట్లో ఉంది, తెస్తాను."

"తొందరేం లేదులే. నువ్వు టెస్టింగ్ మనిషివి, తప్పు చెయ్యవు."

ఆయన నోట తొందరేం లేదన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ రోజు నన్ను తిండి దుకాణాలుండే హాకర్ సెంటరుకి తీసుకెళ్ళి, కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్టు తినిపించారు. తర్వాతి వారమంతా ఆయన హాయిగా నిద్రపోయారని కూతురు ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పింది. నిద్రపోనిది నేను. పేజీ నంబరు అడిగితే ఏం చెప్పాలి? ఆఫీసులో బగ్ రిపోర్టు రాస్తున్నా అదే ఆలోచన.

మరుసటి శనివారం ఆయన పేజీ నంబరు అడగలేదు. "ఇవాళ నా సంగతి ఒకటి రాసుకో. పుస్తకం చివర పెట్టాలి. మెంబరు గారి మాట బయటపడింది కనక ఇంక నాకు చెప్పుకునే ధైర్యం వచ్చింది" అన్నారు.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది. మధ్యాహ్నం విరామానికి ముందు చివరి వంతు ఆయనదే. సభలో గోలగా ఉంది. అప్పుడు వెనక వరసలోంచి ఒక సభ్యుడు లేచాడు. మొదటిసారి గెలిచినవాడు, అంతవరకూ నోరు తెరవనివాడు. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. గొంతు చిన్నది. మొదట్లోనే ఒకటి రెండు వాక్యాలు జారిపోయాయి, కంగారులో వెనక వచ్చినవీ పోయాయి. సభ్యుడి దగ్గరికి వెళ్ళి అడిగితే సరిపోయేది. రిపోర్టర్లు చేసేది అదే. కొత్త కదా, పై అధికారికి తెలిస్తే ఏమంటాడోనని భయపడ్డారు. అలాంటి గోల జరిగినప్పుడు రికార్డులో ఒక మాట వేస్తారు. ఆ నాలుగు నిమిషాల బదులు ఆ మాట వేసేశారు: అంతరాయం.

"మూడో రోజు ఆయన మా గదికి వచ్చాడయ్యా. 'బాబూ, నేను మాట్లాడింది కాగితం మీద ఇస్తే మా వాళ్ళకి చూపించుకుంటా' అన్నాడు. నేను ఆ పేజీ తీసి చూపించా. చూసి, 'పోన్లే, నేనే సరిగ్గా మాట్లాడలేదేమో' అని వెళ్ళిపోయాడు. మళ్ళీ గెలవలేదు."

"ఏం మాట్లాడారంకుల్ ఆయన?"

"వాగు అన్నాడు. పిల్లలు అన్నాడు. అంతకంటే జ్ఞాపకం లేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు." ఆ వెంటనే, "నేనేమన్నాను?" అని అడిగారు.

నేను చెప్పలేకపోయాను. ఈయన చేసింది మాట్లాడినవాడి మాట తీసేయడం. నేను చేసింది ఇంకొకడు అనని మాట అతని నోట్లో పెట్టడం. దాన్ని నమ్ముకుని ఈయన తన తప్పు ఒప్పుకుంటున్నారు. ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలియదు. నా భార్యకి చెప్తే, "చెప్పేయండి. ఆయన మనసు విరిగితే విరిగింది" అంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ఏమీ కాదు. ఎవరికీ తెలియదు. అదే ఎక్కువ భయపెట్టింది.

తర్వాతి శనివారం నేనే ముందు వెళ్ళి కూర్చున్నాను. ఆయన రాగానే, కూర్చోకముందే చెప్పేశాను. ఆయన నిలబడే విన్నారు.

"మీరు రాశారా?" అన్నారు.

లైబ్రరీలో చూసిన మొదటి రోజు తప్ప నన్నెప్పుడూ మీరు అనలేదు. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"లాప్‌టాప్ తెరవండి. ఒక్కొక్క వాక్యం చదివి, తీసేయండి. నాకు కనపడదు కాబట్టి తీసినప్పుడల్లా చెప్పండి."

మొదలుపెట్టాను. మహాశయులారా, నేను చదువుకున్నవాణ్ణి కాను. "ఇది ప్రతివాడూ అనేదే. తీసేయండి." మా కొండల్లో ఉత్తరం చేరేసరికి దాన్ని రాసినవాడు పోతున్నాడు. "బాగుంది. బాగుంది కాబట్టే నేను అనుమానించాల్సింది. తీసేయండి." అలా ఇరవై వాక్యాలు. చివరికి వచ్చింది: నన్ను పంపినవాళ్ళు ఈ సభను ఏనాడూ చూడరు, నేను నోరు తెరవకపోతే వాళ్ళు ఇక్కడ లేనట్టే.

"మళ్ళీ చదవండి."

చదివాను.

"ఇంకోసారి."

చదివాను. పైన బండి పోతున్నా ఈసారి చేయెత్తలేదు. బండి వెళ్ళిపోయాక, "తీసేయండి" అన్నారు. తీసేశానని చెప్పాను. ఆ పేజీలో 'దొరకలేదు' అని ఒక్క మాట రాయించారు. పోయిన వారం చెప్పిన తన సంగతి కూడా తీసేయించారు. "ఆయన మాటే దొరకనప్పుడు నా ఏడుపు ఎందుకు మధ్యలో?" అన్నారు. లేచి వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆ వారం బాగా నిద్రపోయానండీ" అన్నారు. అది కృతజ్ఞతో ఫిర్యాదో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత కూడా వెళ్ళాను. తప్పులు దిద్దుకున్నాం. ఎప్పుడూ మర్యాదగానే ఉన్నారు, మీరు అనడం మానలేదు. కాయా టోస్టు మాట ఎత్తలేదు. ఆరు వారాలకు, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మరి లేవలేదు.

దినకర్మలయ్యాక కూతురు మళ్ళీ ఫోన్ చేసింది. సంవత్సరీకానికి పుస్తకం అచ్చు వేయించి అందరికీ పంచుదామని ఆమె ఆలోచన. ఫైలంతా చదివిందట.

"అన్నయ్యా, నాన్న రోజూ చదువుకునే ఆ ముక్క ఇందులో లేదేంటి? అట్ట వెనక వేద్దామనుకున్నా. ఏ పేజీ?"

"ఏ ముక్కమ్మా?"

"చివరి నెల్లో రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి పైకే చెప్పేవారు. మొదలు 'అధ్యక్షా' అని. నాలుగైదు నిమిషాలుండేది. రోజూ అవే మాటలు. మీ మెంబరు గారి స్పీచే అనుకున్నా."

నేను రాసిన దాంట్లో అధ్యక్షా అన్న మాటే లేదు. అది మన అసెంబ్లీలో అనే మాట. ఏదోలే అమ్మా, పెద్ద ముఖ్యమైనది కాదు అని ఆమెని తేలికపరిచే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన తీసేయించిన సంగతంతా చెప్పాను. ఆయన తీసేయమన్నది చెప్పడం తప్పేమో అనిపించింది, అయినా చెప్పాను.

"అయితే నాన్న చెప్పుకున్నది ఆ వెనక వరస సభ్యుడి మాటలా?" అంది.

"అమ్మా, గుర్తున్నంత చెప్పు. సొంతంగా ఒక్క మాట కలపకు, ఒక్కటి మార్చకు."

చెప్పింది. ఆమె చెప్పినట్టే రాసుకున్నాను, రాసుకున్నది తిరిగి చదివి వినిపించాను, అవునంది.

"అధ్యక్షా, మా వాగు అవతల నాలుగు ఊళ్ళున్నాయి. వానలు పడితే పిల్లలు బడికి రావడానికి వాగు దిగాలి. పోయిన ఏడు దిగినవాళ్ళలో..."

"దిగినవాళ్ళలో?"

"తెలీదన్నయ్యా. ఆ టైముకి రోజూ నాకు ఆఫీసు కాల్ ఉండేది. వాళ్ళకి వినపడుతుందని అక్కడికొచ్చేసరికి తలుపేసేసేదాన్ని."

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆయనకు ఆ మాటలు తిరిగొచ్చాయి, వినేవాళ్ళు లేక మళ్ళీ పోయాయి. నా అబద్ధంతో నాకు చెప్పుకునే దారి మూసి, ఆయన్ని కిటికీ దగ్గర ఒంటరిగా నిలబెట్టిన వాణ్ణి నేనే. ఆ రెండున్నర వాక్యాలూ పైన రాశాను. నేనేమీ కలపలేదు.